గంజిపెట్టిన గౌను

చాలా ఏళ్ళ కిందట ఒక క్రిస్మస్‌కి సీతమ్మ గజపతినగరం సంతలో పాత గౌను కొంది. దానికి గంజిపెట్టి, అట్టముక్క చుట్టూ మడతపెట్టి, కొత్తదని చెప్పి కూతురు రూబీకి తొడిగింది. చర్చిలో పెద్దింటి పిల్ల గ్లోరీ చూసి, "ఓలమ్మో, అది నేనిడిసీసిన గౌను!" అని అరిచింది. పిల్లలంతా నవ్వారు. రూబీ మళ్ళీ చర్చి మెట్లెక్కలేదు.

మొన్న ఆదివారం గ్లోరీ కూతురు అదే చర్చికి పాత గౌను వేసుకొచ్చింది.

"ఎవరో ఏసుకున్నదే మామ్మా, విజయనగరంలో కొన్నాను. ఇప్పుడిదే ఫ్యాషను," అంది సీతమ్మతో, మురిసిపోతూ.

అందరూ మెచ్చుకున్నారు.

"సూసావా పిన్నీ, కాలం మారిపోనాది," అని నవ్వింది గ్లోరీ.

"ఆ ముక్క మా రూబీకి నువ్వే సెప్పు," అంది సీతమ్మ.

"రూబీకా? దేనికి పిన్నీ?"

గ్లోరీకి నిజంగానే గుర్తులేదు.