మొక్కు వేషానికి పోయిన రవిక

పోయిన ఏడాది తిరుపతి గంగమ్మ జాతరలో, మగవాళ్లు ఆడవేషం కట్టే ఆదివారం, పొద్దున ఏడు గంటలకు జరిగిందిది.

నేను వయసు మళ్లాక చదువు నేర్చుకున్నాను. టేపు మీద అంకెలు తెలిశాకే నా రవికలు ఇంట్లో నేనే కుట్టుకోవడం మొదలుపెట్టాను. ఎన్ని కుట్టినా చంకల్లో పట్టేసేవి. విప్పలేక, కుట్టలేక విసుగొచ్చేది. చివరికి ఒక పచ్చ రవిక కుదిరింది. జాతరకు అదే వేసుకోవాలని కొక్కేనికి తగిలించి స్నానానికి పోయాను.

వచ్చి చూస్తే మా ఆయన అది తొడుక్కుని, చీర కట్టి, కాటుక దిద్దుకుంటున్నాడు!

“ఇప్పయ్యా! అది నా కొత్త రవిక!”

“మొక్కు వేషం మే. గుడికి పోయొచ్చేదాకా ఇప్పకూడదు. సూడు, నాకే కుట్టినట్టుండాది.”

పాత రవిక వేసుకుని, పళ్లు నూరుకుంటూ మా కోడలితో కలిసి ఆయన వెంట నడిచాను. వీధిలో ఎదురింటి రెడ్డెమ్మ ఆయన్ని ఆపింది.

“రవిక బలే కుదిరిందే మామా! ఎవురు కుట్టినారు?”

“టైలరు లేమ్మా” అన్నాడు.

నా ఒళ్లు మండింది. “నేను కుట్టినా! సూడండి!” అని అరిచి, నడివీధిలో ఆయన చెయ్యి పైకెత్తి చంక కుట్టు చూపించాను. అందరూ నవ్వారు. ఆయన పైటతో ముఖం కప్పుకున్నాడు.

పెళ్లాం రవిక వేసుకోవడానికి లేని సిగ్గు, పెళ్లాం కుట్టిందని చెప్పడానికి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరోజు అక్కడున్నది మా ఆయన మునిరత్నం, ఎదురింటి రెడ్డెమ్మ, మా కోడలు సుజాత, ఆ రవిక కుట్టిన చెంగమ్మ, అంటే నేను.