సమ్మయ్య అన్న సీటు నుంచి వచ్చిన ఫోన్

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. పుట్టి పెరిగింది ఖిలా వరంగల్‌లో. కోట రాళ్ల మధ్య ఏవేవో కనిపిస్తాయని చెప్పిన ప్రతివాడితో వాదించాను. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఆసుపత్రి మంచాల పక్కన సెలైన్ ఎంత వేగంతో ఎక్కాలో చూసే యంత్రాలుంటాయి. వాటిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాది. దాని గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. అందులో చిన్న లొసుగు ఉన్నా చాలు, బయటివాడు దూరి యంత్రం మొత్తాన్ని చేతిలోకి తీసుకుంటాడు. లొసుగులు మూయడం నా పని. వెతికి పట్టుకోవడం సమ్మయ్య అన్న పని.

ఆయనది తొర్రూరు. యాభై దాటాయి. టీవీలు రిపేరు చేసుకుంటూ సొంతంగా కంప్యూటర్ నేర్చుకుని వచ్చినవాడు.

కొత్త వెర్షన్ విడుదలకు రెండు రోజుల ముందు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. అప్పుడు గదిలో ఇద్దరమే ఉన్నాం.

“తమ్మీ, నెట్‌వర్క్ కోడ్ల ఒక మెమరీ జాగను ఇడిసిపెట్టినంక మల్ల దాన్నే వాడుతున్నం. బయటోడు ఆ జాగల తన కోడ్ పెట్టిండనుకో, మిషన్ వానిదైతది. నీకు మెయిల్ చేసిన. జర రిలీజ్ ఆపు.”

ఆపితే నా మీదికి వస్తుంది. “నీకు అన్నిట్ల దొంగలే కనిపిస్తరు అన్నా” అన్నాను. ఆయన నవ్వలేదు. వెళ్లిపోయాడు. అనుకున్న రోజుకే విడుదల చేశాం.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఇంట్లోనే గుండెపోటుతో పోయాడు. మేమంతా తొర్రూరు వెళ్లొచ్చాం.

నాలుగో రోజు ఒక ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. యంత్రాలు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయట. నర్సులు వాటిని తీసేసి, మంచాల పక్కన నిలబడి సెలైన్ చుక్కలు లెక్కపెట్టారట. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవడో బయటి నుంచి దూరాడు. దూరింది సమ్మయ్య అన్న చెప్పిన చోటు నుంచే.

మీటింగ్‌లో మేనేజర్ అడిగారు, ఇది ముందే ఎవరికైనా తెలుసా అని.

“లేదు సార్. టెస్టింగ్‌ల బయటపడలే” అన్నాను.

టెస్టింగ్ అంటే సమ్మయ్య అన్నే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కొందరు తల దించుకున్నారు. చచ్చిపోయిన మనిషిని ఏమంటారు? ఆయన మెయిల్ నా దగ్గరే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

లొసుగు మూశాను. కానీ పరీక్ష పెడితే యంత్రం మళ్లీ ఆగిపోయేది. ఐదారు రోజులైనా ఎందుకో తెలియలేదు. ఆయన దశదినకర్మ అయిన మర్నాడు, పొద్దున పదకొండున్నరకు, నా టేబుల్ మీద ఆఫీసు ఫోన్ మోగింది. కళ్లు స్క్రీన్ మీదే ఉంచి అలవాటుగా ఎత్తాను.

“తమ్మీ, నువ్వు మూసింది ఒకటే. ఇంకోటున్నది. కనెక్షన్ తెగినప్పుడు నడిచే కోడ్ సూడు.”

“సరే అన్నా” అని పెట్టేశాను.

చూశాను. అక్కడా అదే తప్పు. రెండు లైన్లు మార్చాను. మొదటిసారి పరీక్ష నెగ్గింది. అప్పుడు తెలిసింది నాకు, ఎవరి గొంతు విన్నానో. తల ఎత్తి ఫోన్ వైపు చూశాను.

పక్క సీటు సరిత నన్నే చూస్తోంది. “ఎవలు చేసిన్రు? పద్నాలుగు నంబర్ కనబడ్డది గదా ఫోన్ మీద?”

ఆఫీసు ఫోన్లలో పద్నాలుగు సమ్మయ్య అన్న సీటు నంబరు. ఇద్దరం ఆయన సీటు దగ్గరికి వెళ్లాం. ఫోన్‌ను ముందు రోజే స్టోర్‌కు పంపేశారట. గోడకు వైరు మాత్రం వేలాడుతోంది. వైర్లు ఎక్కడో ఒకదానికొకటి కలిసిపోయి ఉంటాయని ఫోన్ల మెకానిక్ అన్నాడు. కలిసిన వైరు గంట మోగించొచ్చు. కోడ్ చదవగలదా? ఆయన మెయిల్ మళ్లీ తీసి చూశాను. అందులో ఉన్నది మొదటి చోటు ఒక్కటే.

ఆ మెయిల్ పట్టుకుని అప్పుడే మేనేజర్ దగ్గరికి వెళ్లాను. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన మెయిల్ తేదీ చూశారు. తర్వాత అందరినీ పిలిచి నాతోనే చెప్పించారు.

ఆ ఆదివారం తొర్రూరు వెళ్లాను. సమ్మయ్య అన్న భార్య సుగుణక్కకు అంతా చెప్పాను.

“సచ్చిపోయినోని మీద ఏసినవా తమ్మీ? గా మాట నేను మర్వ” అంది. మళ్లీ తనే, “ఫోన్ల నిన్నేమన్న తిట్టిండా?” అని అడిగింది.

“లేదక్కా. పని ముచ్చటే చెప్పిండు.”

అప్పటిదాకా ఏడవని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూసిన లొసుగుల జాబితాలో ప్రతిదాని కింద, దాన్ని కనిపెట్టినవాళ్ల పేరు, చెప్పిన తేదీ రాయాలి. రెండింటి కిందా ఆయన పేరే రాశాను. రెండోదానికి ఆ ఫోన్ వచ్చిన రోజు తేదీ వేశాను. రెండో తేదీ దగ్గర మేనేజర్ ఎర్ర గీత గీసి, సరిచూడమని కాగితం వెనక్కి పంపారు. మూడుసార్లు చూశాను. తేదీ సరైనదే. అలాగే తిరిగి పంపాను. అంతకు మించి ఏం రాయాలో అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.