శ్రావణి పేరు కింది గీత

కేతేపల్లి దాటి మట్టిరోడ్డు దిగేసరికి ఉదయం ఆరయింది. వాన ఆగలేదు. రెండు లారీలు, ఒక రబ్బరు పడవ, ఒక జనరేటర్, ఇరవై మంది జవాన్లం. ఊరి బడి వరండాలో బూట్లు విప్పి నీళ్లు ఒంపుకున్నాం. మళ్లీ అవే తొడుక్కున్నాం.

ఇప్పుడు మా ఊరు హాలియాలో నన్ను చూసినవాళ్లంతా సరిహద్దు సంగతులే అడుగుతారు. మంచు ఎంత లోతుంటుంది, తుపాకీ ఎంత బరువుంటుంది అని. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఈ వరద డ్యూటీ. ఇంటికి రెండు గంటల దూరంలో చేశాను కాబట్టి దాన్ని ఎవరూ డ్యూటీ కింద లెక్కవేయరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా!

ఊరి చెరువు నిండింది. తూము తలుపు తుప్పుపట్టి విరిగి కొట్టుకుపోయింది. తూములో దూసుకుపోతున్న నీరు కట్టను లోపల్నుంచి తినేస్తోంది. సుబేదార్ కట్టమీద నిలబడి ఆర్డరు చెప్పాడు. "నాలుగింటికల్లా తూము మూయాలి. లేకపోతే ఉత్తరం మూలన మనమే గండి కొడతాం."

కట్ట దానంతటది తెగితే నీరు ఊరి మీద పడుతుంది. మేం గండి కొడితే పొలాల మీద పడుతుంది. వాటిలో మొదటిది ఆ ఊరి రైతు సైదులు పొలం. నాట్లు వేసి వారం కూడా కాలేదు.

తూము నోటికి అటూ ఇటూ రాతిలో గాడులున్నాయి. ఇనుప పలక వాటిలో జారాలి. మా పడవ నడిపే జవానుది మహబూబ్‌నగర్ వైపు కృష్ణ ఒడ్డు. నడుముకు తాడు కట్టుకుని, పడవలోంచి వంగి, కర్ర పెట్టి కొలత తెచ్చాడు. గాడి నుంచి గాడికి పదహారు అంగుళాల వెడల్పు. పలక అంచు ఏమాత్రం వంకర పోయినా సగంలో ఇరుక్కుంటుంది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు.

ఆ నీటి ఒత్తిడికి ఆగే మందం రేకు ఊళ్లో ఒక్కచోటే దొరికింది. సైదులు కొత్త ట్రాక్టర్ ట్రాలీ వెనుక తలుపు. అడగకముందే అతను చట్రం నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. "తీస్కోండి తమ్మీ. పొలం పోయినంక ట్రాలీల ఏం మోస్త?"

అతని భార్య యాదమ్మ అడ్డం నిలబడింది. రేకు పైభాగాన, ఈ కొస నుంచి ఆ కొస దాకా, పసుప్పచ్చ రంగుతో పెద్ద అక్షరాలు: శ్రావణి. వాళ్ల కూతురు. నల్గొండ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఫోన్ టవర్లు పడిపోయి రెండు రోజులుగా ఆ పిల్లతో మాటల్లేవు.

"పానంతోని ఉన్న పిల్ల పేరు నీళ్లల్ల ముంచుతరా? నేనియ్య. పొలం పోతె పోనీ!"

"అది రంగే గదనే," అన్నాడు సైదులు. కానీ ఊడదీస్తున్నవాడు ఆపేశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు కోపమే వచ్చింది. శకునాలు నేను పట్టించుకోను. అయితే గోడ మీది నా ఫొటో పడి పగిలిన రోజు మా అమ్మ అన్నం ముట్టలేదట. అది గుర్తొచ్చి టేపు తీశాను. పేరు కింద, ఒత్తు కొస నుంచి రేకు అడుగు అంచు దాకా పదహారున్నర అంగుళాలు ఉంది.

"అక్కా, పేరు నీకే ఉంటది. దాని కింది రేకు ఒక్కటే తీస్కుంట."

"గీత వంకర పోతె?"

"పోనియ్యనక్కా."

ఆమె అడ్డం తొలగింది. చెప్పడమైతే చెప్పాను. చేతిలో ఉన్నవి మా జనరేటర్ కరెంటు, సైదులు కొట్టంలోని చేతి గ్రైండర్, రెండు క్లాంపులు, ఎల్ ఆకారంలో ఉండే తిన్నటి ఇనుప యాంగిల్ ముక్క ఒకటి. అంతే. తడి రేకు మీద సుద్ద నిలవదు కాబట్టి మేకుతో గీత గీశాను. గీత వెంట అక్షరాల వైపు యాంగిల్ పెట్టి, రెండు కొసలా క్లాంపులు బిగించాను. గ్రైండర్‌కు అదే గోడ. చెయ్యి జారినా కోసే బిళ్ల దాన్ని దాటి పోదు.

మొదటిసారి నడిపేది కోయడానికి కాదు, దారి పడడానికి. సన్నగా ఒక గీరు పడితే చాలు. తర్వాత జానెడు కోసి, జానెడు వదిలి, మళ్లీ జానెడు కోయాలి. ఒకే బిగిన కోస్తే రేకు వేడెక్కి అప్పడంలా లేస్తుంది. వదిలిన జానెళ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. చల్లారాక వాటి వంతు. గ్రైండర్‌ను నొక్కకూడదు, దాని బరువు దానికి చాలు.

నా మీద టార్పాలిన్ పట్టుకున్న పడవ జవాను ఊరుకుంటేగా! "నల్గొండోళ్లకు ఈత రాదు. గీతైన వస్తదా సూద్దాం."

"ముందుగాల టార్పాలిన్ సక్కగ పట్టు. నా ఈపు మీద చెరువు పోస్తున్నవ్."

రేడియో ఆపరేటర్ పిలిచాడు. "సాబ్, ఎంత కోశామని కంట్రోల్ రూం అడుగుతోంది."

"కోస్తున్నామని చెప్పు," అన్నాడు సుబేదార్.

"ఎంత అని అడుగుతున్నారు సాబ్."

"కోస్తున్నామనే చెప్పు."

యాదమ్మ రేకు అవతలి పక్కన కూర్చుని, పేరు మీద రెండు చేతులూ అదిమిపెట్టింది. దూరం జరగమంటే జరగలేదు. చివరి జానెడు తెగింది. కోసిన అంచుకు యాంగిల్ ఆనించి చూశాను. మధ్యలో వెలుగు కనబడలేదు. పేరు మీద గీత కూడా పడలేదు.

మూడున్నరకు పలకను నిలువుగా పట్టి, గాడుల్లోకి తాళ్లతో దించాం. సగం దిగి ఆగింది. పడవ జవాను వెదురు గడతో పైనుంచి రెండు దెబ్బలు వేశాడు. గాడిలోని చెత్త వదిలి పలక దిగిపోయింది. కట్ట అవతల నీటి హోరు తగ్గుతూ తగ్గుతూ సన్నని ధారగా మారింది.

"కంట్రోల్, తూము మూశాం. గండి అక్కర్లేదు. ఓవర్."

సైదులు బురదలోనే కూలబడి ఏడ్చాడు. నాకు కలిగిన సంతోషం మళ్లీ ఏ డ్యూటీలోనూ కలగలేదు.

ఫౌజు వదిలి వచ్చాక చాలా మరిచిపోయాను. మంచు కొండల పేర్లు కూడా తడుముకుంటాను. మేం వెనక్కి బయలుదేరిన ఉదయం మాత్రం కళ్లలోంచి పోదు. వాన తెరిపిచ్చింది. లారీ కట్ట కిందుగా పోతోంది. సిగ్నల్ వెతుక్కుంటూ యాదమ్మ కట్టెక్కింది. ఒక చంకలో ఆ పసుప్పచ్చ అక్షరాల రేకు ముక్క, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. రెండో చేత్తో చెవి దగ్గర ఫోన్. లారీ చప్పుడులోనూ ఆమె కేక వినిపించింది.

"శ్రావణీ! మంచిగున్నవా బిడ్డా? తిన్నవా? నీ పేరు మునగనియ్యలే బిడ్డా, మునగనియ్యలే!"

అవతల ఆ పిల్లకు ఏమర్థమైందో. యాదమ్మ మాత్రం ఏడుస్తూ, నవ్వుతూ, లారీ మలుపు తిరిగేదాకా అదే మాట చెబుతూనే ఉంది.