రంగు రాని గుంటలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బతికున్నవాళ్ళతో వేగడమే సరిపోతుంది. అయినా తొంభైలలో కొన్నాళ్ళపాటు, ఫ్రీజర్ తలుపు తీసేముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. తట్టి తీయాలేమో అనిపించేది.

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డుకి కాస్త లోపలగా, రేకుల షెడ్డులో ఉండేది మా ప్రయోగశాల. అప్పటికింకా అక్కడ విమానాల ఊసు లేదు. జొన్నచేలు, లారీలు, ఒక చాయ్ బండి, అంతే. మలేరియాకి టీకా కనిపెట్టాలని మా తాపత్రయం. మలేరియా క్రిమి పైపొరలోని చిన్న ముక్కని మేమే తయారుచేసి ఎక్కిస్తే, అది మరీ చిన్నది కాబట్టి శరీరం దాన్ని ఖాతరు చేయదు. అందుకని కొమ్మలు వేసే అణువునొకదాన్ని కృత్రిమంగా అల్లి, ఒక కొమ్మ రెండుగా, రెండు నాలుగుగా చీల్చి, ప్రతి కొనకీ ఆ ముక్కని తగిలించేవాళ్ళం. అన్ని కొనల మీదా అదే కనిపిస్తే శరీరం పట్టించుకోక తప్పదు.

ఆ కొమ్మలు అల్లేది నా సహోద్యోగి. తొండుపల్లిలోని ఒక క్రైస్తవ కుటుంబంవాడు, నాకంటే చిన్నవాడు. మాటకు ముందు నవ్వే మనిషి. "మీరు నాలుగు కొమ్మలకే ఖుష్ అయితున్నరు అక్కా. ఎనిమిది చేస్త, జూడున్రి," అనేవాడు.

అల్లినది పనికొస్తుందో లేదో తేల్చడానికి ప్లాస్టిక్ ప్లేటు ఒకటి ఉండేది, నిండా చిన్న చిన్న గుంటలతో. గుంటల అడుగున మా అణువుని అంటించి, దవాఖాన నుంచి తెచ్చిన మలేరియా రోగుల సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరిన నీరు, వేసేవాళ్ళం. అది మా ముక్కని గుర్తుపడితే, చివర్లో కలిపే మందుకి గుంట పసుపెక్కుతుంది. ఆ పసుపుని నమ్మాలంటే పక్కనే మలేరియా ఎప్పుడూ సోకని, రంగు రాని రక్తం ఒకటి ఉండాలి. ఆ రోజుల్లో దానికి మా రక్తాలే తీసుకునేవాళ్ళం. నాది పనికిరాలేదు. గోదావరి పక్కన పెరిగినదాన్ని, చిన్నప్పుడే మలేరియా వచ్చింది, గుంట పసుపు ముద్దయిపోయింది. అతనిది మాత్రం మంచినీళ్ళలా ఉండిపోయింది.

"మీ గోదావరి దోమలు మీకు మంచిగనే చదువు జెప్పినయి," అని ఏడిపించాడు. ఆ రోజంతా పెళ్ళికొడుకులా తిరిగాడు.

అతని సీరాన్ని చిన్న గొట్టాల్లోకి పంచి ఫ్రీజర్‌లో పెట్టాం. ఆ తర్వాత ఏ ప్లేటుకైనా అదే కొలమానం.

ఒక ఉదయం బెంగుళూరు రోడ్డు మీద లారీ అతని స్కూటర్‌ని గుద్దేసింది. తొండుపల్లిలో మట్టి చేసి వచ్చాం. మర్నాడు పనికి వెళ్ళి ఫ్రీజర్ తీస్తే అతని గొట్టాలు వరసగా ఉన్నాయి. మనిషి లేడు, అతని రక్తం మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉంది. నేనే చేయించాను. ప్రతి ప్లేటులోనూ అతని గుంటలు తేటగా నా వైపు చూస్తుండేవి.

పోవడానికి ముందు ఎనిమిది కొమ్మలదాన్ని పూర్తిచేశాడు. నాలుగు కొమ్మలదాని పక్కన పెట్టి చూడటమే మిగిలింది. అది మెరుగని తేలితే పని సాగుతుంది, లేకపోతే లేదని మా ప్రయోగశాల పెద్దాయన చెప్పేశారు. పాత ప్లేట్లన్నిటితో పోల్చాలంటే అతని సీరమే కావాలి. ఒక్క గొట్టం మిగిలింది.

ఆ ప్లేటు మొదలుపెట్టే రోజునే అతని భార్య వచ్చింది, సామాన్లు తీసుకెళ్ళడానికి. స్వెట్టరు, టిఫిన్ డబ్బా ఇచ్చాను.

"ఇంకేమన్న ఉన్నయా అక్కా?"

లేవని చెప్పలేకపోయాను. గొట్టం తెచ్చి, అందులోది ఆయన రక్తమేనని చూపించాను. వద్దనేలోపే తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. చేతి వేడికి లోపల గడ్డకట్టిన సీరం కరిగిపోయింది. కరిగాక ఆ రోజే వాడాలి.

"మనిషిని మట్టిల పెట్టినం గదా. దీన్ని గూడ పెట్టాల్నేమో," అంది.

ఇవ్వనంటుందేమోనని నాకు భయం వేసింది. అది దేనికో, దాని మీద అతని పని ఎలా ఆధారపడి ఉందో చెప్పాను. ఆమె గుప్పిట విప్పింది.

"ఆయన పనికే గదా. వాడున్రి. నేను గీడ్నే కూసుంట."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నమంతా స్టూలు మీద కూర్చుంది. మందు కలపగానే రోగుల గుంటలు పసుపెక్కడం మొదలైంది. ఎనిమిది కొమ్మల వరస నాలుగు కొమ్మల వరస కంటే ముదురుగా ఉంది, కంటికే తెలుస్తోంది. ఇక యాసిడ్ వేసి రంగుని అక్కడితో ఆపేయాలి. ఆపితేనే ప్లేటుని బస్సులో నగరానికి తీసుకెళ్ళి యంత్రంతో కొలిపించగలం. యాసిడ్ చేతిలోకి తీసుకున్నాను.

"ఆయనయి గివేనా?" అంది, తేట గుంటల్ని చూపించి.

"అవునమ్మా."

"ఏం రాలె."

"రాకూడదు. రాకపోతేనే పని జరిగినట్టు."

ఆమె ఆ గుంటల మీంచి చూపు తిప్పలేదు. "జర ఆగున్రి అక్కా. వస్తదేమో."

ఆపకపోతే అన్ని గుంటలూ ముదిరిపోతాయి, ఏది ఎక్కువో ఏది తక్కువో తేలదు. ఇంకా ఆలస్యమైతే ఉత్త నీళ్ళున్న గుంట కూడా దానంతటదే పసుపెక్కుతుంది. మరో గొట్టం లేదు. అన్నీ తెలిసే యాసిడ్ కింద పెట్టాను. ఎనిమిది కొమ్మల పని ఆ తర్వాత అటకెక్కింది, మళ్ళీ ఎవరూ దించలేదు.

ఇద్దరం ప్లేటు మీదకి వంగి కూర్చున్నాం. రెండు వరసలూ ముదిరి ఒకటైపోయాయి. చాలాసేపటికి అతని గుంటల్లో, గంజిలో చిటికెడు పసుపు కలిపినంత రంగు వచ్చింది.

"వచ్చింది," అంది, ప్లేటు అంచు పట్టుకుని. "ఆయనదేనా అక్కా?"

"ఆయనదే," అన్నాను.