చెక్కబొమ్మకి స్నానం

మేం ప్లెయిన్స్‌బరోలో ఉన్నప్పుడు కింది ఫ్లోర్‌లో నైజీరియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. రిటైరైన నర్సు. ఆదివారం పొద్దున నేను తెలుగు చర్చికి, ఆవిడ వాళ్ల చర్చికి బయల్దేరుతూ పార్కింగ్‌లో పలకరించుకునేవాళ్లం. అలా కలిసిన స్నేహం మాది.

ఒక వేసవిలో అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్లేసరికి, టేబుల్ మీద తువ్వాలు పరిచి జానెడు చెక్కబొమ్మని తడిగుడ్డతో తుడుస్తోంది. పెద్ద తల, పొట్టి కాళ్లు, నడుముకి పూసలు. కళ్లూ ముక్కూ అరిగి నున్నబడ్డాయి.

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏంటే అది, విగ్రహమా?”

ఆవిణ్ణే అడిగాను. “నాతో పుట్టినవాడు,” అంది.

ఆవిడా, ఒక మగపిల్లాడూ కవలలు. వాడు నడక రాకముందే పోయాడు. వాళ్ల యొరుబా తెగలో కవలల్లో ఒకరు పోతే ఆ బిడ్డ పేరున బొమ్మ చెక్కిస్తారు. ప్రాణం అందులో నిలుస్తుందని నమ్మకం. బతికున్న బిడ్డతో పాటు దానికీ స్నానం, నూనె, బట్టలు, ముద్ద.

“వాడి ప్రాణం ఇందులో ఉందో లేదో దేవుడికే తెలియాలి. ముఖం మాత్రం మా అమ్మ వేళ్లకే అరిగింది,” అంది.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ వచ్చి కూర్చుంది. నేనూ కవలల్లో ఒకదాన్నేనని ఆవిడకి చెప్పాను. అక్క ఐదో ఏట జ్వరంతో పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దాని మాటెత్తలేదు.

“ముందు పుట్టిందెవరు?” అడిగిందావిడ.

“అక్క.”

“అయితే మా లెక్కలో నువ్వే పెద్ద. లోకం ఎలా ఉందో చూడమని చెల్లెల్ని ముందు పంపావు.”

అది తెలుగులో చెప్పగానే అమ్మ ఫక్కున నవ్వింది. “నిజమేనే! అది ఊరంతా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నువ్వు రానని మొరాయించావు.” అంతలోనే కళ్లు తుడుచుకుంది. “ఇలా ఇమ్మను,” అంటూ బొమ్మని ఒళ్లోకి తీసుకుంది.

ఆవిడ నూనె సీసా అందించింది. అమ్మ పసిపిల్లకి మాడు అంటినట్టు అంటుతూ మాట్లాడింది. అక్క ఉప్మా ముట్టేది కాదట. నా చెవి పట్టుకుంటేగాని నిద్రపోయేది కాదట. నాకవన్నీ అప్పుడే తెలిశాయి. ఇంగ్లీషులో చెప్పడం మానేసి అమ్మ పక్కన చేరి విన్నాను. ఆవిడా అడగలేదు.

తర్వాత ఆవిడ హ్యూస్టన్‌లో కొడుకు దగ్గరికి మారిపోయింది. బొమ్మని సామాన్ల ట్రక్కులో వెయ్యకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

అమ్మ తిరిగి ఊరెళ్లిపోయే ముందు మా చర్చి పిక్నిక్‌లో ఒక ఆంటీ, “మీకు పిల్లలెంతమందండీ?” అని అడిగింది.

“ఇద్దరాడపిల్లలండీ,” అంది అమ్మ. “ఒకర్తి చిన్నప్పుడే పోయింది. మహా అల్లరిది.”

ఆ ఆంటీ పక్కకి జరిగి చోటిచ్చింది. అమ్మ కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.