కొండదారి మాన్పించిన చీటీ

వెర్నా పార్డీ మందులు రాసే డాక్టరు కాదు. ముసలితనం గురించి చదువుకున్న మనిషి. ఒంట్లో సత్తువ ఎలా తగ్గుతుంది, ఏం చేస్తే మంచాన పడకుండా నాలుగేళ్లు ఎక్కువ తిరగొచ్చు, అదీ ఆమె చదువు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి దక్షిణ తీరాన ఏడు రేవు పల్లెలు ఆమె చూసుకునేది. వాటిలో స్కేట్ కోవ్ ఆమె పుట్టిన ఊరే కాబట్టి అక్కడ ఆమెకి మర్యాదలేమీ ఉండేవి కావు. సంచిలో ఒక స్టాప్‌వాచీ, కొలత టేపు, కాగితాలు. ముసలివాళ్లని కుర్చీలోంచి లేచి, పదడుగులు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమనేది. పన్నెండు సెకన్లు దాటితే ఆ మనిషి పడిపోయే ప్రమాదం ఉన్నట్టు.

ఎనభై నాలుగేళ్ల సెల్బీ ఆన్‌స్టీకి పదహారు సెకన్లు పట్టింది.

"పరుగుపందెమని ముందే చెబితే మంచి బూట్లు వేసుకునేవాణ్ణి కదే పిల్లా," అన్నాడాయన కుర్చీలో కూలబడుతూ.

"నవ్వులాట కాదు బాబాయ్. ఈ చలికాలం ఎన్నిసార్లు పడ్డావు?"

"ఒక్కసారి."

"రెండు," అంది పొయ్యి దగ్గర్నుంచి ఆయన భార్య డ్రూసిలా. "రెండోసారి గంటసేపు మంచులోనే ఉన్నాడు. నేను పోయి చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. లేపుతుంటే, నా గొడ్డలి ఏదీ అంటాడు."

సెల్బీ పదకొండో ఏట నుంచీ చలికాలమంతా పొద్దున్నే కొండెక్కి కట్టెలు కొట్టుకొచ్చేవాడు. పెరట్లో అప్పటికే రెండేళ్లకి సరిపడా కట్టెలున్నాయి. అయినా వెళ్లేవాడు. వెర్నా ఆ రోజు చీటీ రాసింది: కొండదారి వద్దు, గొడ్డలి వద్దు, ఇంట్లో కరెంటు హీటరు పెట్టించుకోవాలి. సెల్బీ చీటీని రెండుసార్లు చదివి, మడిచి టోపీలో దోపుకున్నాడు.

"ఇంకెవరన్నా చెబితే వినేవాణ్ణి కాదు," అన్నాడు. "నువ్వు చదువుకున్నదానివి. మన ఊరి పిల్లవి. మానేస్తాలే."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. వెర్నా నెలకోసారి ఫోను చేసేది. "పడలేదమ్మా," అనేది డ్రూసిలా. ఆ మాట వినగానే ఆయన పేరు పక్కన సున్నా వేసుకుని వెర్నా వేరే పనిలో పడేది.

శరత్కాలంలో వచ్చి చూస్తే సెల్బీ వంటింటి కిటికీ కింద పడక మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు కాళ్ల చుట్టూ వేలాడుతోంది. లేవడానికే రెండు చేతులూ ఆనించాడు. అదే నడకకి ముప్ఫై ఒక్క సెకన్లు. ఈసారి జోకు వెయ్యలేదు.

"రోజూ పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చో బాబాయ్. తొడల్లో బలమొస్తుంది."

"లేచి ఎక్కడికి పోవాలే?"

వెర్నా కాగితం మీద వ్యాయామాలు రాసిచ్చింది. ఆయన రెండు రోజులు చేసి మానేశాడు. ఫిబ్రవరిలో జలుబు చేసింది. దగ్గి కఫం బయటికి తేవడానికి కూడా ఒంట్లో బలం లేకపోయింది. పది రోజులకి పోయాడు.

ఏడాది లెక్కలు చూసే మీటింగులో పై అధికారి స్కేట్ కోవ్‌ని మెచ్చుకున్నాడు. అక్కడ పడిపోయినవాళ్ల సంఖ్య బాగా తగ్గిందట. వెర్నా లేచి, సెల్బీ పేరున్న వరుస అందులోంచి తీసెయ్యమంది.

"ఆయన పడలేదు కదా?" అన్నాడు అధికారి అర్థంకాక.

"పడలేదు సార్. పడాలన్నా ముందు నిలబడాలి కదా."

ఆ వారమే డ్రూసిలా ఇంటికి వెళ్లింది. డ్రూసిలా టీ పెట్టి డబ్బాపాలు పోసి ఆమె ముందు పెట్టింది.

"పిన్నీ, ఆ చీటీ నేను రాయకుండా ఉండాల్సింది."

డ్రూసిలా ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత, "ఉండాల్సింది," అంది.

వెర్నా తల దించుకుంది.

"నేనూ సంతోషించానమ్మా. పెళ్లయింది మొదలు ఈ మనిషి కొండ దిగొస్తాడా లేదా అని కిటికీలోంచి చూడ్డమే నా పని. నువ్వొచ్చి ఆ భయం తీర్చావు. నువ్వూ నేనూ కలిసి బాగానే అనుకున్నాం. ఆయన్ని మాత్రం అడగలేదు." కప్పు ఆమె వైపు జరిపింది. "ఇంతకీ నన్ను ఓదార్చడానికొచ్చావా, నిన్ను ఓదార్చమని వచ్చావా?"

"తెలీదు పిన్నీ."

"అయితే టీ తాగు, చల్లారిపోతుంది."

ఆ తర్వాత వెర్నా ఏ ఇంటికి వెళ్లినా గడియారం తీసేముందు ఒక మాట అడగడం మొదలుపెట్టింది: పొద్దున్నే ఏ పని కోసం లేస్తున్నావు? వలల కోసమని ఒకడు, కోళ్ల కోసమని ఒకామె, పోస్టాఫీసు దగ్గర ఊసుపోని కబుర్ల కోసమని ఇంకొకడు చెప్పారు. ఆ పని ఎలా మాన్పించాలా అని కాక, ఇంకో ఏడాది ఎలా సాగనివ్వాలా అని ఆలోచించేది. కొండదారి పొడుగునా పట్టుకోడానికి తాడు కట్టించింది. బూట్ల కింద ఇనప ముళ్లు, పడితే ఊదడానికి మెడలో ఈల. ఒక్కరూ వెళ్లకుండా ఇద్దరిద్దరు. చర్చి హాల్లో మంగళవారాలు వాళ్లని నేల మీద పడుకోబెట్టి, పడినప్పుడు ఎలా పక్కకి తిరగాలో, ఏ మోకాలు ముందు ఆనించాలో, ఎలా లేవాలో నేర్పేది.

మొదట నేల మీద పడుకున్నది డ్రూసిలాయే.

"పాదిరిగారు చూశారంటే అంత్యప్రార్థన చదివేస్తారు, త్వరగా చెప్పవే," అంది పైకప్పు చూస్తూ.

అన్నీ బాగా జరగలేదు. ఎనభై ఒక్కేళ్ల లియాండర్ బంగీ తాడు పట్టుకునే జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆయన కూతురు మర్లీన్ వెర్నాని అంగడి ముందు నిలేసింది.

"మా నాన్నని కొండెక్కించింది నువ్వేనటగా?"

"ఎక్కొద్దనలేదు. మళ్లీ పడొచ్చు, ఈసారి తుంటి విరగొచ్చు. ఆయనకి అదంతా చెప్పాను. నీకూ చెబుతున్నాను."

"చెబితే సరిపోతుందా?"

"సరిపోదు," అంది వెర్నా.

మర్లీన్ రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. కట్టు విప్పిన నెలకి లియాండర్ మళ్లీ కొండెక్కాడు. ఇంకో ఆరేళ్లు ఎక్కాడు.

డ్రూసిలా తొంభయ్యో ఏడు దాకా బురదనేలల్లో కాసే అడవి పళ్లు కోసుకొచ్చి జాము కాచింది. ఆ మరుసటి వసంతంలో మంచం పట్టింది. వెర్నా వెళ్లి పక్కన కూర్చుని, అందరినీ అడిగే మాటే అడిగింది.

"ఇప్పుడేం లేదమ్మా. ఇంక లేవను. అది కూడా రాసుకో."

వెర్నా రాసుకుంది. వ్యాయామాలేమీ చెప్పలేదు. డ్రూసిలా అడిగితే దిండు కాస్త ఎత్తుగా పెట్టి, పొయ్యిలో రెండు కట్టెలు వేసి, సాయంత్రం దాకా ఉండిపోయింది.