ఒకే సమయంలో రెండు నడకలు

తాను చేసే పనేమిటో ఇంట్లో చెప్పి ఒప్పించడం అతని వల్ల కాలేదు.

"బ్యాకెండ్ అంటే వెనకాల పని నాన్నా."

"మరి ముందెవరు?"

"ముందు ఇంకో అమ్మాయి. తెర మీద కనబడేదంతా ఆమెది."

"నువ్వు కనబడవన్నమాట."

"నేను కనబడ్డానంటే ఏదో చెడిపోయినట్టే."

తండ్రి తలూపాడు. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ, మావాడు జనం నడక లెక్కగట్టే కంపెనీలో ఉన్నాడని చెప్పుకున్నాడు. అది నిజమే.

తండ్రి గుండెకు స్టెంటు వేశాక డాక్టరు రోజూ నడవమన్నాడు. తోడుగా తల్లిని వెళ్ళమన్నాడు. కొడుకు ఇద్దరి ఫోన్లలోనూ తమ కంపెనీ యాప్ పెట్టాడు. తల్లికి వేరే అకౌంటు తెరవబోతే తండ్రి అడ్డుపడ్డాడు.

"ఇంటికొకటి చాలదూ? మళ్ళీ ఆవిడకో పాస్‌వర్డు. అదెక్కడ పెట్టిందో వెతకడానికి నేను."

తల్లి కూడా "నాకెందుకురా" అంది. రెండు ఫోన్లూ తండ్రి పేరు మీదే నడిచాయి.

నెలలు గడిచాయి. యాప్ తండ్రిని మెచ్చుకుంది. దాన్ని చూసి డాక్టరూ మెచ్చుకున్నాడు. ఇలాగే సాగితే ఈసారి వచ్చినప్పుడు మాత్రలు సగానికి తగ్గిస్తానన్నాడు.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనగా, ఆఫీసులో అతనికి ఒక పని పడింది. పారేసిన నడకలను చెరిపెయ్యాలి.

కొందరు జేబులో ఫోను, చేతికి వాచీ పెట్టుకుని నడుస్తారు. ఒకే నడకను రెండూ సర్వర్‌కి చెబుతాయి. ఒక మనిషి ఒకే సమయంలో రెండుసార్లు నడవలేడు గనక, సర్వర్ పెద్దదాన్ని ఉంచుకుని చిన్నదాన్ని పక్కన పారేస్తుంది. ఆ నియమం రాసింది అతనే. రాసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుందని అర్థం. ఇప్పుడు పారేసినవి పేరుకుపోయి చోటు చాలడం లేదని పైవాళ్ళ గోల.

"చెరిపితే మళ్ళీ రావు కదా?" అంది పక్క సీటులో తెర పని చేసే అమ్మాయి.

"రావు."

"ఒకరివైనా తెరిచి చూసుకుని చెరుపు మరి. తర్వాత నా మొహం చూడకు."

పరాయివాళ్ళ నడకలు తెరవకూడదని కంపెనీలో కట్టుబాటు. అందుకని ఇంటి అకౌంటే తెరిచాడు.

రోజుకొకటి చొప్పున పారేసినవి కనిపించాయి. అమ్మవే అనుకున్నాడు. అమ్మ నింపాదిగా నడుస్తుంది. నవ్వుకున్నాడు కూడా. తర్వాత అవి ఏ ఫోన్ నుంచి వచ్చాయో చూశాడు. కొత్త ఫోన్ నుంచి. కొత్త ఫోన్ తండ్రిది. మెప్పులన్నీ తెచ్చింది, తాను వాడేసి అమ్మకిచ్చిన పాత ఫోన్.

పారేసినవాటిని వరసగా మ్యాపు మీద పరిచాడు. మొదట్లో గీత వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తర్వాత దర్జీ కొట్టు దాకా. ఆ తర్వాత పార్కు గేటు. ఈ వారమంతా గేటుకి ఇవతల, వీధి మలుపులో బెంచీ దగ్గరే ఆగిపోయింది.

"చెరిపావా?"

"లేదు."

"ఏం?"

"ఇందులో మా నాన్న ఉన్నాడు."

ఇంటికి వెళ్ళేసరికి తల్లి వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"అమ్మా, నాన్న నీతోపాటు నడుస్తున్నాడా?"

"కలిసే బయల్దేరతాం."

"తర్వాత?"

"నువ్వు పద, నేనొస్తా అంటారు. నేను తిరిగొచ్చేసరికి బెంచీ మీద ఉంటారు. కబుర్లరాయుడు కదా, ఎవరో ఒకరు దొరక్కపోరు."

"పక్కన ఎవరైనా ఉంటారా?"

తల్లి చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఉండరు" అంది.

హాల్లో తండ్రి బూట్లకు పాలిష్ వేస్తున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఎప్పుడూ వేస్తాడు.

"నాన్నా, వంతెన దాకా వెళ్ళడం మానేశావేం?"

"ఎవరు చెప్పారు?"

"నీ ఫోన్. ఆఫీసులో పాత నడకలు చెరపబోతూ చూశాను."

"అది రోజూ మెచ్చుకుంటోందిగా."

"మెచ్చుకునేది అమ్మని."

తండ్రి రెండో బూటు అందుకున్నాడు. "పోనీలే. మెప్పు ఇంట్లోనే ఉంది కదా."

"రేపు మాత్రలు సగం చేసేస్తారు."

"మంచిదే. చేదు."

"నొప్పి వస్తోందా?"

"నొప్పి కాదురా. ఎవరో ఛాతీ మీద చెయ్యి వేసి ఆగమన్నట్టుంటుంది. మర్యాదగానే. నేను ఆగుతాను. అదీ ఆగుతుంది."

"ఇప్పుడుందా?"

"కూర్చుంటే ఉండదు. అందుకేగా కూర్చుంటున్నాను."

"మాకు చెప్పొద్దూ?"

"చెబితే మళ్ళీ కోస్తారు. నువ్వూ చెప్పకు. ఎలాగూ చెరిపేస్తున్నావు కదా."

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు యాప్ చూసి, అందరూ మీలా ఉంటే నేను దుకాణం కట్టెయ్యాలండీ అని కలం తీశాడు. తండ్రి కొడుకు వైపు చూడలేదు. కొడుకు లాప్‌టాప్ తెరిచి డాక్టరు ముందు పెట్టాడు.

"ఆ నడక మా అమ్మదండీ. నాన్నది ఇదీ."

వంతెన. దర్జీ కొట్టు. గేటు. బెంచీ.

"ఇది ముందే ఎందుకు చూపించలేదు?"

"నేనే పారేశానండీ."

ఆ మాట డాక్టరుకు అర్థం కాలేదు. అడగనూ లేదు. కలానికి మూత పెట్టి, స్టెతస్కోపుతో చాలాసేపు విన్నాడు.

"బట్టలు తెచ్చుకున్నారా?"

"మాత్రలు రాయడానికి బట్టలెందుకండీ?" అన్నాడు తండ్రి.

మంచం ఇచ్చారు. బట్టల కోసం తల్లి ఇంటికి బయల్దేరింది. దింపుతానంటే వద్దంది. "నువ్విక్కడే ఉండు. కబుర్లకు మనిషి లేకపోతే మీ నాన్నకు తోచదు" అని నడిచే వెళ్ళింది.

ఆమె మెట్లు దిగేదాకా తండ్రి ఆగాడు.

"ఒరేయ్, ఆవిడకి వేరే అకౌంటు తెరువు."

కొడుకు అక్కడే ఫోన్లో మొదలుపెట్టాడు. పేరు రాశాడు. యాప్ పుట్టిన తేదీ అడిగింది.

"అమ్మ ఎప్పుడు పుట్టింది?"

"ఎండాకాలం."

"తేదీ?"

తండ్రి పైకప్పు వైపు చూశాడు.

"పోనీ, బరువు?"

"నీకూ తెలీదూ?"

"తెలీదు."

"అయితే ఆగు. రానీ."

ఇద్దరూ తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు.